భాగం 7: దోబీన్యీ ‘పడవ చిత్రశాల’ – ఉన్నది ఉన్నట్టు గీయడం అంటే ఏమిటి?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• 19వ శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి చిత్రణలో ఎచింగ్‌కు ఉన్న స్థానాన్ని వివరించగలుగుతారు.
• దోబీన్యీ ‘పడవ చిత్రశాల’ అనే ముద్రాచిత్రాన్ని వర్ణించి, దాని నిర్మాణాన్ని విశ్లేషించగలుగుతారు.
• ‘వాస్తవికత’ అనే మాటను ఒక చిత్రానికి అన్వయించేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.
• ఒక చిత్రం చూపినదాన్నీ, చూపకుండా వదిలినదాన్నీ పక్కపక్కన పెట్టి మీ సొంత అభిప్రాయాన్ని ఏర్పరచుకోగలుగుతారు.

7.1 ప్రస్తావన

వాస్తవికత అనే మాట మీకు కొత్త కాదు. కథ గురించి, నవల గురించి చదివినప్పుడు ఈ మాట మీకు చాలాసార్లు ఎదురై ఉంటుంది. వాస్తవికత అంటే ఏమిటని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: ‘ఉన్నది ఉన్నట్టు చెప్పడం’. పరీక్షల్లో కూడా ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది. తప్పు వాక్యం కాదు గాని, సగం వాక్యం. ఉన్నది ఎవరికి కనిపించింది? ఏ చోటు నుంచి కనిపించింది? చూసినవాడు ఆ చోటికి ఎలా చేరాడు? ఈ ప్రశ్నలు వేయకపోతే ఆ నిర్వచనం మనల్ని ఎంతో దూరం తీసుకుపోదు.

ఈ ప్రశ్నలను చర్చించడానికి ఈ భాగంలో ఒక చిన్న చిత్రాన్ని తీసుకుంటున్నాం. అది పెద్ద తైలవర్ణ చిత్రం కాదు. ఇంచుమించు పోస్టుకార్డంత ఉండే, నలుపు తెలుపుల ముద్రాచిత్రం. ఫ్రెంచి చిత్రకారుడు షార్ల్ ఫ్రాన్స్వా దోబీన్యీ గీసిన ఈ చిత్రం 1862లో ‘పడవ ప్రయాణం’ అనే సంపుటిలో వెలువడింది. చిత్రం పేరు ‘పడవ చిత్రశాల’. నది మీద తేలుతున్న పడవలో కూర్చుని ఒక చిత్రకారుడు ఒడ్డును చిత్రిస్తున్నాడు. ఇంతే విషయం. అయితే ఈ చిన్న చిత్రంలోనే దోబీన్యీ ‘రియలిజం’ అనే మాటను స్వయంగా రాసిపెట్టాడు. ఆ మాటకు చిత్రం ఎంతవరకు న్యాయం చేసిందో పరిశీలించడమే మన పని.

7.2 చిత్రకారుడు – కాలం

దోబీన్యీ 1817లో పారిస్‌లో పుట్టాడు, 1878లో అక్కడే మరణించాడు. అతని తండ్రి కూడా చిత్రకారుడే. చిన్నతనంలో కొంతకాలం పారిస్‌కు ఉత్తరాన, వాజ్ నదికి దగ్గరలో ఉన్న వాల్మోందువా అనే పల్లెలో ఒక దాది దగ్గర పెరిగాడు. ఆ ప్రాంతం మీద మమకారం అతన్ని చివరిదాకా వదలలేదు. 1860లో ఆ దగ్గరలోనే, ఓవెర్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు.

అయితే బొమ్మలు అమ్ముకుని బతకడం అతనికి మొదట్లో సాధ్యపడలేదు. 1838 నుంచి పారిస్‌లోని అధికారిక ప్రదర్శన అయిన ‘సలోన్’లో చిత్రాలు పెడుతూనే, ఇల్లు గడవడానికి పుస్తకాలకు బొమ్మలు వేశాడు. యూజెన్ స్యూ నవల ‘పారిస్ రహస్యాలు’ సచిత్ర ముద్రణలో అతని పని కూడా ఉంది. ఈ విషయాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. చిన్న జాగాలో, కొద్ది గీతలతో, అచ్చులో నిలిచేటట్టు బొమ్మ వేయడం దోబీన్యీ సరదాగా నేర్చుకున్న విద్య కాదు, కూటికోసం నేర్చిన విద్య. జీవితకాలంలో అతను నూటికి పైగా ఎచింగ్‌లు చేశాడు.

1857లో అతను ఒక పడవను సమకూర్చుకున్నాడు. అడుగు చదునుగా ఉండే ఆ పడవ లోతులేని నీళ్లలో కూడా పోగలదు. దాని మీద ఒక గది కట్టించి, లోపల పడుకోవడానికి, వండుకోవడానికి, బొమ్మలు వేసుకోవడానికి వీలు కల్పించుకున్నాడు. ఆ పడవకు ‘బొతాన్’ అని పేరు. దానిలో వాజ్, సెయిన్ నదుల మీద తిరుగుతూ ఒడ్డులను చిత్రించేవాడు. అప్పటికి పదేళ్లు దాటిన కొడుకు కార్ల్ అతనికి తోడుగా, పడవలో పని కుర్రవాడుగా వెళ్లేవాడు.

ఆ కాలంలో ఫ్రాన్సులో ‘రియలిజం’ అనే మాట మామూలు మాట కాదు. 1855లో కూర్బే తన చిత్రాలను సొంతంగా కట్టించుకున్న మండపంలో ప్రదర్శించి, దానికి ఈ మాటనే శీర్షికగా పెట్టాడు. రాళ్లు కొట్టే కూలీలను అతను అప్పటికే చిత్రించాడు. 1857లో మియే ‘పరిగె ఏరుకునే స్త్రీలు’ సలోన్‌లోకి వచ్చింది. పేదవాళ్లను ఇంత పెద్దగా, ఇంత గంభీరంగా చూపించడం కొందరు విమర్శకులకు నచ్చలేదు. వారి నోట రియలిజం అనేది దాదాపు తిట్టు. మరికొందరికి అది జెండా. దోబీన్యీ తన చిన్న చిత్రంలో ఈ మాట రాసింది ఇటువంటి వాతావరణంలో అని గుర్తుంచుకోండి.

7.3 రాగిరేకు నుంచి కాగితం దాకా

ఎచింగ్ ఎలా తయారవుతుందో తెలియకుండా ఈ చిత్రాన్ని విశ్లేషించలేం. కాబట్టి ఆ పద్ధతిని క్లుప్తంగా చూద్దాం.

నునుపుగా సానపట్టిన రాగిరేకు మీద ఆమ్లానికి లొంగని మైనపు పూత పూస్తారు. ఆ పూత మీద చిత్రకారుడు సూదితో గీస్తాడు. సూది తగిలినచోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. తరవాత రేకును ఆమ్లంలో ఉంచుతారు. బయటపడిన గీతలను ఆమ్లం తినేస్తుంది, గీతలు గాడులుగా మారతాయి. ఎక్కువసేపు ఉంచితే గాడి లోతై గీత నల్లగా పడుతుంది, తక్కువసేపు ఉంచితే గీత పలచగా పడుతుంది. పూత తొలగించి, రేకు అంతటా సిరా పట్టించి, పైభాగం తుడిచేస్తారు. గాడుల్లో సిరా మిగులుతుంది. తడిపిన కాగితాన్ని రేకు మీద పరిచి ప్రెస్సులో గట్టిగా నొక్కితే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది.

ఈ పద్ధతిలో మనకు కావలసిన అంశాలు రెండు.

ఒకటి: ఎచింగ్‌లో తెల్లరంగు లేదు. వెలుగు కావాలంటే కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. తైలవర్ణంలో నీటి మీద తళుకును చివర తెల్లరంగుతో దిద్దవచ్చు. ఎచింగ్‌లో ఆ తళుకు ఎక్కడుండాలో ముందే తెలిసి, అక్కడ చేతిని ఆపుకోవాలి.

రెండు: రేకు మీది బొమ్మ కాగితం మీద కుడిఎడమలు తారుమారై పడుతుంది. చిత్రకారుడు చూసిన దృశ్యాన్ని నేరుగా రేకు మీద గీస్తే, అచ్చులో కుడి ఒడ్డు ఎడమ ఒడ్డవుతుంది. అచ్చులో ఏదైనా మాట సరిగ్గా చదవగలిగేటట్టు ఉండాలంటే దాన్ని రేకు మీద అద్దంలోలా తిరగేసి రాయాలి.

1850లలో ఛాయాచిత్రాలు, లితోగ్రఫీ వేగంగా వ్యాపించాయి. ఒక చిత్రానికి నకళ్లు తీయడమే పనైతే ఇక ఎచింగ్‌తో అవసరం లేదు. కాని దాన్ని నకలుగా కాక, చిత్రకారుడి చేతిరాతగా చూసినవాళ్లున్నారు. ప్రచురణకర్త ఆల్ఫ్రెడ్ కాదార్ వారికి అండగా నిలిచాడు. 1862లో అతని ఆధ్వర్యంలో ఎచింగ్ కళాకారుల సంఘం ఏర్పడింది. ఆ ఏడాదే కవి బోదలేర్ ఈ కళ గురించి రాస్తూ, ఇది మరీ వ్యక్తిగతమైన కళ కాబట్టి జనసామాన్యంలోకి అంత సులువుగా పోదని అభిప్రాయపడ్డాడు. దోబీన్యీ సంపుటిని ప్రచురించినది కూడా కాదారే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

అ) దోబీన్యీకి అచ్చుచిత్రాల పని మొదట ఎలా అలవాటైంది?
ఆ) ఎచింగ్‌లో వెలుగును చూపించడం తైలవర్ణంలో కంటే ఏ విధంగా భిన్నమైనది?

(మీ సమాధానాలను విడిగా రాసుకుని, భాగం చివర ఇచ్చిన వాటితో పోల్చుకోండి.)

7.4 చిత్రాన్ని చూద్దాం

ఇప్పుడు చిత్రం దగ్గరికి వద్దాం. మనం పడవ గదిలో, వెనకవైపు ఉన్నాం. మన ముందు చిత్రకారుడు కూర్చుని ఉన్నాడు. అతని చూపు మన మీద లేదు, అతని ధ్యాస అంతా పని మీదే. గది చివర పడవ తెరిచి ఉంది. ఆ తెరపి గుండా నది, అవతలి ఒడ్డు, చెట్లు, ఆకాశం కనిపిస్తాయి. గదిలో చుట్టూ సంసారానికి, చిత్రకళకు కావలసిన సామాను ఉంది. ఒక కాన్వాసు వెనకవైపు ‘రియలిజం’ అనే మాట రాసి ఉంది.

మొదట గీతలను గమనించండి. గది లోపల గీతలు దట్టంగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డాయి. చెక్కగోడ, పైకప్పు, సామాను అన్నీ ఆ నలుపులోంచి తేలుతాయి. తెరపి దగ్గరికి వచ్చేసరికి సూది ఒక్కసారిగా నెమ్మదించింది. ఒడ్డు మీద చెట్లకు కొద్ది గీతలు. నీటికి ఇంకా కొద్ది. ఆకాశం చాలావరకు ఒట్టి కాగితం. అంటే, ఈ చిత్రంలో ఎక్కువ శ్రమ పడింది చీకటి గది మీద. ప్రకృతి మీద తక్కువ. అయినా మన కన్ను ముందుగా పోయేది ఆ తెరపి దగ్గరికే. చుట్టూ ఉన్న నలుపు లేకపోతే ఆ కాగితపు తెలుపు వెలుగుగా కనిపించదు.

తరవాత, చోటును గమనించండి. మామూలుగా నదీతీర చిత్రాల్లో మనం ఒడ్డున నిలబడి నదిని చూస్తాం. ఇక్కడ నది మీద ఉండి ఒడ్డును చూస్తున్నాం. చూపు నీటి మట్టానికి కొద్దిగానే పైన ఉంది. ఆ ఎత్తు నుంచి చూస్తే మామూలు చెట్లు కూడా పొడుగ్గా కనిపిస్తాయి, పొలాలు ఒడ్డు వెనక దాక్కుంటాయి. దోబీన్యీ తైలవర్ణ చిత్రాల్లో అడ్డంగా సాగే నది, దాని మీద వాలిన ఆకాశపు నీడ, సన్నని పట్టీలా ఒడ్డు తరచుగా కనిపిస్తాయి. ఆ కూర్పు అతని ప్రత్యేకత అని కళాచరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ ప్రత్యేకతకు మూలం ఎక్కడుందో ఈ చిన్న ముద్రాచిత్రం చెబుతుంది. అది అతను కూర్చున్న పీటలో ఉంది.

7.5 ‘రియలిజం’ – కాన్వాసు వెనక రాసిన మాట

ఆ మాట ఎందుకు రాశాడు? సరదాకి రాశాడని అనుకోవచ్చు. ‘పడవ ప్రయాణం’ సంపుటి అంతా హాస్యంతో నిండి ఉంది. స్నేహితులను, ఇంటివారిని నవ్వించడానికి గీసిన బొమ్మల నుంచి పుట్టిన సంపుటి అది. బయలుదేరే ముందు విందు, సత్రం కోసం వెతుకులాట, పడవలోనే పడక – ఇలాంటి దృశ్యాలు అందులో ఉన్నాయి. పని కుర్రవాడు వెళ్లిపోతే చేపలు పండగ చేసుకునే బొమ్మ కూడా ఒకటుంది. ఇన్ని చమత్కారాల మధ్య, విమర్శకులు తిట్టుగా వాడే మాటను ఒక కాన్వాసు వీపు మీద రాయడం మరో చమత్కారం కావచ్చు.

కాని చమత్కారం అన్నంత మాత్రాన అర్థం లేదని కాదు. రేకు మీద అక్షరాలు తిరగేసి రాయవలసి వస్తుందని చెప్పుకున్నాం. అలా రాసేవాడు ఆలోచించకుండా రాయడు. ఆ మాటను ఎక్కడ రాశాడో చూడండి. బొమ్మ వేసిన వైపు కాదు, వెనకవైపు. ఆ కాన్వాసు మీద ఏముందో మనకు తెలియదు. ‘ఇదిగో రియలిజం’ అని పేరు చూపించి, బొమ్మను దాచాడు. బొమ్మకు బదులుగా చూపించింది ఏమిటి? పడవ, గది, సామాను, వంగి పనిచేసే మనిషి, అతనికి కనిపించే చిన్న తెరపి.

దీన్నిబట్టి ఒక అర్థం చెప్పుకోవచ్చు. ఈ చిత్రం ప్రకారం వాస్తవికత అంటే ప్రకృతిని అద్దంలోలా చూపించడం కాదు. ప్రకృతిని చూసే మనిషిని, అతను చూసే చోటును, అతని పనిముట్లను కూడా లెక్కలోకి తీసుకోవడం. అద్దం మాట ఎత్తాం కాబట్టి ఒక సంగతి: నేరుగా గీసిన ఎచింగ్‌లో కుడిఎడమలు ఎలాగూ తారుమారవుతాయి. ఫలానా నదికి ఫలానా వంపు ఏ వైపు ఉందన్న సంగతికే ఇందులో హామీ లేదు. అయినా దాన్ని చూసి అబద్ధం అనిపించదు. కాబట్టి ఈ చిత్రంలోని నిజం ఆ వంపులో లేదు, మరోచోట ఉంది.

7.6 పడవ చూపించిన నిజం

ఈ అర్థం మనం చిత్రం మీద రుద్దుతున్నదా, లేక చిత్రంలో ఉన్నదా? సంపుటిలోని మిగిలిన బొమ్మలు దీనికి సాక్ష్యం ఇస్తాయి.

ఒక బొమ్మలో కుర్రవాడు ఒడ్డు వెంట నడుస్తూ తాడు పట్టి పడవను లాగుతున్నాడు. నది మీద హాయిగా తేలిపోయే పడవ అని మనం అనుకునేది, ఒక పిల్లవాడి భుజబలం మీద కదులుతోంది. మరో బొమ్మలో ఆవిరి ఓడలు లేపిన అలలకు చిన్న పడవ ఊగిసలాడుతోంది. అంటే ఈ నది నిశ్శబ్దంగా లేదు. అప్పటికి చాలా ఏళ్ల ముందే, 1810లో, సాఁ కాఁతాఁ కాలువ వాజ్ నదిని ఉత్తరాది జలమార్గాలతో కలిపింది. ఉత్తరాది గనుల బొగ్గు పడవల మీద వాజ్ మీదుగా పారిస్‌కు చేరేది. 1843లో పారిస్ నుంచి రూఆఁకు సెయిన్ లోయ వెంట రైలుమార్గం తెరిచారు. 1846లో ఉత్తరాది రైలుమార్గం వాజ్ లోయలోకి వచ్చింది. దోబీన్యీ చిత్రించిన నది పల్లెల నడుమ పారే నదే, కాని అది పారిస్ నగరానికి సరుకు మోసే రహదారి కూడా.

ఇప్పుడు అతని సలోన్ చిత్రాలను గుర్తు చేసుకోండి. వాటిలో చాలావాటిలో బాతులు, కొంగలు, చెట్లు, సాయంకాలపు వెలుగు ఉంటాయి. ఆవిరి ఓడ ఉండదు. తాడు లాగే కుర్రవాడు ఉండడు. కొనేవారికి ప్రశాంతత కావాలి, అది వారికి దొరికింది. ఆ ప్రశాంతత ఎలా తయారైందో చెప్పే బాధ్యతను చిన్న ఎచింగ్‌లు తీసుకున్నాయి. పెద్ద చిత్రాలు నదిని చూపిస్తే, చిన్న చిత్రాలు ఆ నదిని చూసిన పద్ధతిని చూపిస్తాయి. ‘పడవ చిత్రశాల’ గొప్పతనం ఇక్కడ ఉంది. చూసేవాడు తన్ను తాను చిత్రం నుంచి తప్పించుకోలేదు.

పోలిక కోసం మరో చిత్రాన్ని తీసుకుందాం. అదే 1862లో దోబీన్యీ ‘నీటి రేవు దగ్గర ఆవులు’ అనే చిత్రం చేశాడు. ఇది ఎచింగ్ కాదు. పూత పూసిన గాజుపలక మీద గీసి, దాని కింద ఛాయాచిత్రపు కాగితం ఉంచి, ఎండ సాయంతో అచ్చు తీసే పద్ధతి. దీన్ని క్లిషే వేర్ అంటారు. ఆవులు నీటి దగ్గర ఉన్నాయి. గీతలు స్వేచ్ఛగా, తొందరగా పడ్డాయి. అందమైన చిత్రం. కాని దాన్ని ఎవరు చూస్తున్నారో, ఎక్కడ కూర్చుని చూస్తున్నారో అది మనకు చెప్పదు. ఆవులు తమంతట తామే చిత్రంలోకి వచ్చినట్టు ఉంటాయి. రెండు చిత్రాలూ ఒకే చేతివి, ఒకే ఏడాదివి. మొదటిది తాను చూస్తున్నానని ఒప్పుకుంటుంది. రెండోది ఆ సంగతి మనకు గుర్తు రానివ్వదు.

7.7 పడవ చూపించని నిజం

ఇంతవరకు చిత్రం తరపున మాట్లాడాం. విమర్శకుడి పని అక్కడితో ఆగదు.

తెరపిలో కనిపించే ఒడ్డును మళ్లీ చూడండి. చెట్లున్నాయి, వెలుగుంది. ఆ ఒడ్డు మీద బతికేవాళ్లెవరు? ఆ పొలం ఎవరిది? దోబీన్యీ తన పడవలోని సామాను ఒక్కొక్కటీ శ్రద్ధగా చూపించాడు. ఒడ్డున పనిచేసేవారి గురించి మాత్రం ఈ చిత్రం మౌనంగా ఉంది. కూర్బే రాళ్లు కొట్టేవారి చిరిగిన బట్టలను చూపించాడు. మియే పరిగె ఏరే స్త్రీల వంగిన నడుములను చూపించాడు. ‘రియలిజం’ అనే మాటను వారి తరంలో వారితో సమానంగా వాడుకున్న దోబీన్యీ, మనిషి శ్రమ విషయానికి వచ్చేసరికి తన శ్రమను, తన కొడుకు శ్రమను మాత్రమే చూపించాడు. ఆ శ్రమ కూడా విహారంలో భాగమైన శ్రమ. కార్ల్ తాడు లాగింది సెలవు ప్రయాణంలో. బొగ్గు పడవలను లాగినవారికి అది రోజువారీ బతుకు. కుర్రవాడు తాడు లాగితే మనకు నవ్వు వస్తుంది. ఏడాది పొడుగునా లాగేవాడిని చూస్తే ఆ నవ్వు రాదు.

దీనికి ఒక సమాధానం ఉంది. పడవలో కూర్చున్నవాడికి కనిపించేది ఒడ్డు అంచు మాత్రమే. పొలం మధ్యలోకి చూపు పోదు. తనకు కనిపించనిదాన్ని చూపించలేదని అతన్ని తప్పుపట్టవచ్చా? చిత్రం తన పరిమితిని తానే గీసి చూపించింది: ఆ చిన్న తెరపి. దాని అవతల ఏముందో తనకు తెలుసునని చిత్రం ఎక్కడా బుకాయించలేదు.

ఈ సమాధానం కొంతవరకే నిలుస్తుంది. పడవ ఎక్కడ ఆపాలో, తెరపిని ఏ వైపు తిప్పాలో నిర్ణయించింది దోబీన్యీయే. రేవులు, కర్మాగారాలు, బొగ్గు పడవలు కూడా నది మీది నుంచి కనిపించేవే. చెట్లున్న ఒడ్డు దగ్గర ఆగడం ఒక ఎంపిక. కాబట్టి మన తీర్పు ఇలా ఉండవచ్చు: ‘పడవ చిత్రశాల’ చూసేవాడి విషయంలో నిజాయితీ గల చిత్రం, చూడబడినవారి విషయంలో అసంపూర్ణమైన చిత్రం. చూపు ఎక్కడ నుంచి వస్తుందో అది చెప్పింది. ఆ చూపు ఎవరిని దాటిపోయిందో చెప్పలేదు. మొదటి సగమే ఆ కాలానికి చాలా అరుదు కాబట్టి ఈ చిత్రానికి విలువ ఉంది. రెండో సగం లేదు కాబట్టి, దాని మీద రాసిన ‘రియలిజం’ను పూర్తి అర్థంలో ఒప్పుకోవడానికి మనం తొందరపడకూడదు.

ఈ తీర్పుతో మీరు ఏకీభవించాలన్న నియమం లేదు. అయితే విభేదించేటప్పుడు చిత్రంలోంచి ఆధారం చూపండి. ‘నాకు నచ్చింది’, ‘చాలా సహజంగా ఉంది’ అనేవి స్పందనలు. వాటితో విమర్శ మొదలు కావచ్చు, ముగియకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

ఇ) ‘రియలిజం’ అనే మాట కాన్వాసు వెనకవైపు ఉండడంలో విశేషం ఏమిటి?
ఈ) ‘పడవ చిత్రశాల’కు, ‘నీటి రేవు దగ్గర ఆవులు’కు మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?

7.8 తరవాతి తరం మీద ప్రభావం

దోబీన్యీ తైలవర్ణ చిత్రాలు పూర్తికాని చిత్తుబొమ్మల్లా ఉన్నాయని ఆ రోజుల్లో కొందరు విమర్శించారు. 1861లో తియోఫిల్ గోతియే, ఇంత శక్తి ఉన్న చిత్రకారుడు తొలి ముద్రతో సరిపెట్టుకుని వివరాలను వదిలేస్తున్నాడని బాధపడ్డాడు. ఇక్కడ ‘ముద్ర’ అని మనం అంటున్న మాటకు ఫ్రెంచిలో ఉన్న పదం ‘ఇంప్రెషన్’. పదమూడేళ్ల తరవాత, 1874లో ఒక చిత్రకారుల బృందం సొంతంగా ప్రదర్శన పెట్టినప్పుడు ఆ పదమే వారికి పేరుగా స్థిరపడింది.

ఆ బృందంతో దోబీన్యీకి ఉన్న సంబంధం ఒక పదంతో ఆగలేదు. 1870లో సలోన్ నిర్ణాయక సంఘం మోనే చిత్రాలను తిరస్కరించినప్పుడు, ఆ సంఘంలో సభ్యుడైన దోబీన్యీ రాజీనామా చేశాడు. ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధకాలంలో లండన్ చేరిన మోనేను చిత్రాల వ్యాపారి ద్యురాఁ రుయెల్‌కు పరిచయం చేసినది కూడా అతనే. 1870ల మొదట్లో ఆర్జాఁతేయ్‌లో ఉన్నప్పుడు మోనే తాను కూడా ఒక చిత్రశాల పడవను సమకూర్చుకున్నాడు. 1874లో మానే ఆ పడవలో పనిచేస్తున్న మోనేను చిత్రించాడు. ఆ చిత్రంలో వెనక పొగగొట్టాలు కనిపిస్తాయి. దోబీన్యీ తెరపిలోకి రానివ్వనిది పన్నెండేళ్ల తరవాత మరొకరి చిత్రంలోకి వచ్చింది. పడవ అదే తరహా పడవ, పని అదే పని. చూపు మాత్రం కొంచెం పక్కకు జరిగింది.

7.9 సారాంశం

దోబీన్యీ ‘పడవ చిత్రశాల’ 1862లో కాదార్ ప్రచురించిన ‘పడవ ప్రయాణం’ సంపుటిలోని ఎచింగ్. చీకటి గదికి దట్టమైన గీతలు, నదికి, ఆకాశానికి వదిలేసిన కాగితం – ఈ రెండింటి పొందికతో చిత్రం నిలిచింది. చిత్రకారుడు నది మీద ఉండి ఒడ్డును చూడడం వల్ల అతని కూర్పులకు ప్రత్యేకమైన రూపం వచ్చింది. కాన్వాసు వెనక రాసిన ‘రియలిజం’ అనే మాట, చూసేవాడిని, చూసే చోటును లెక్కలోకి తీసుకోమని మనకు సూచిస్తుంది. ఆ విషయంలో ఈ చిత్రం నిజాయితీగా ఉంది. ఒడ్డున బతికేవారి శ్రమ విషయంలో మౌనంగా ఉంది. ఇకముందు ఏ రచన గురించైనా, ఏ చిత్రం గురించైనా ‘ఉన్నది ఉన్నట్టు’ అని రాయబోయేటప్పుడు, ‘ఎక్కడ కూర్చుని చూస్తే?’ అని ఒకసారి అడగండి. ఆ ప్రశ్నకు జవాబు రాయగలిగితే మీ సమాధానం నిర్వచనం దగ్గర ఆగకుండా విమర్శ అవుతుంది.

7.10 మాదిరి సమాధానాలు

అ) సలోన్‌లో చిత్రాలు పెడుతున్నా వాటితో ఇల్లు గడవక, దోబీన్యీ పుస్తకాలకు బొమ్మలు వేశాడు. చిన్న జాగాలో కొద్ది గీతలతో బొమ్మ వేయడం అతనికి ఆ విధంగా అలవాటైంది.

ఆ) తైలవర్ణంలో వెలుగును తెల్లరంగుతో చివర దిద్దవచ్చు. ఎచింగ్‌లో తెల్లరంగు ఉండదు. వెలుగు కావలసినచోట కాగితాన్ని గీతలు లేకుండా వదలాలి. కాబట్టి ముందే నిర్ణయించుకోవాలి.

ఇ) పేరు కనిపిస్తుంది, ఆ పేరు గల బొమ్మ కనిపించదు. దానికి బదులుగా బొమ్మ తయారయ్యే పరిస్థితి కనిపిస్తుంది. వాస్తవికతలో చూసేవాడి స్థానం కూడా భాగమేనని దీన్నిబట్టి అర్థం చెప్పుకోవచ్చు.

ఈ) మొదటి చిత్రం చూసేవాడిని, అతను చూసే చోటును చూపిస్తుంది. రెండో చిత్రం దృశ్యాన్ని మాత్రమే చూపించి, చూసేవాడిని మరిపిస్తుంది.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. ‘పడవ చిత్రశాల’లో గీతలకు, ఖాళీ కాగితానికి ఉన్న సంబంధాన్ని విశ్లేషించండి.
2. ‘చూసేవాడి విషయంలో నిజాయితీ, చూడబడినవారి విషయంలో అసంపూర్ణత’ – ఈ తీర్పును సమర్థిస్తూ గాని, విమర్శిస్తూ గాని రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. ఎచింగ్ తయారయ్యే పద్ధతిని వివరించండి.
2. ‘పడవ ప్రయాణం’ సంపుటిలోని హాస్యచిత్రాలు నది గురించి చెప్పే విషయాలేమిటి?
3. మీరు చదివిన ఒక కథను తీసుకుని, అందులో రచయిత ఎక్కడ నిలబడి చూస్తున్నాడో గుర్తించండి.